ఒకే ఇంట్లో రెండు పెన్షన్లు: టీచరు, బడి, ఖజానా

మా ఇంట్లో ఇద్దరు టీచర్లు. నాన్న ఎనభైల్లో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచరుగా చేరారు. అప్పటివాళ్లను ఇప్పటికీ ‘398 టీచర్లు’ అనే పిలుస్తారు. తర్వాత రెగ్యులర్ స్కేలు వచ్చింది, 2018లో 60 నిండి రిటైరయ్యారు. బాబాయిది డీఎస్సీ-2003 బ్యాచ్. ఆయన దిగేది 2040లో. ఇద్దరూ ఎస్జీటీలుగానే, అంటే ప్రాథమిక బడి టీచర్లుగానే మొదలుపెట్టారు, ఇద్దరివీ మండల పరిషత్ బళ్లే. నేర్పింది అవే ఎక్కాలు, అవే గుణింతాలు.

మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు నాన్న తన పెన్షన్ స్లిప్పునీ, బాబాయి తన ప్రాన్ (కొత్త పెన్షన్ ఖాతా) స్టేట్‌మెంటునీ పక్కపక్కన పెట్టి చూశారు. నాన్న కాగితంలో నెలకు వచ్చే మొత్తం ఉంది, దాని కింద కరువు భృతి ఉంది. బాబాయి కాగితంలో యూనిట్లున్నాయి, ఆ రోజు యూనిట్ ధర ఉంది, మూడు ఫండ్ సంస్థల పేర్లున్నాయి, అడుగున నిల్వ ఉంది. “ఇందులో నా పెన్షన్ ఎక్కడుందమ్మా?” అని బాబాయి నన్నడిగారు. కాగితం అటూ ఇటూ తిప్పాను. అందులో లేదు. నిల్వ ఉంది గానీ పెన్షన్ అన్న అంకె ఎక్కడా లేదు.

టీచర్ల పెన్షన్ గొడవ అనగానే ‘వాళ్లకేం, గవర్నమెంటు జీతాలు’ అని పేజీ తిప్పేసేవాళ్లు చాలామంది. కానీ పెన్షన్, బడిలో టీచరు నిలవడం, బడికి వచ్చే డబ్బు — ఈ మూడూ ఒకే ముడి. ఒక కొస లాగితే మిగతా రెండూ బిగుసుకుంటాయి. మన రెండు రాష్ట్రాల్లో ఇరవయ్యేళ్లుగా ఒక్కో ప్రభుత్వం ఒక్కో కొస పట్టుకుని లాగుతోంది. ఈ ముడి ఎక్కడ పడిందో, ఎక్కడ విప్పొచ్చో నాకు తెలిసినంత మేర చెబుతాను.

పాత పెన్షన్ ఎలా నడుస్తుంది

పాత పద్ధతిలో పెన్షన్ కోసం ఉద్యోగి జీతంలో ఏమీ కోయరు. జీపీఎఫ్ వేరు, అది ఎవరి పొదుపు వాళ్లది. రిటైరయ్యే నాటి బేసిక్‌లో సగం పెన్షనుగా వస్తుంది. పూర్తి పెన్షన్‌కి 33 ఏళ్ల సర్వీసు లెక్క, తగ్గితే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. ధరలు పెరిగినప్పుడల్లా కరువు భృతి కలుస్తుంది. కొత్త పీఆర్సీ, అంటే వేతన సవరణ, వస్తే పెన్షన్ కూడా మారుతుంది. పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యూటేషన్ చేసుకుని ఒకేసారి తీసుకోవచ్చు. ఆయన పోతే ఆమెకు ఫ్యామిలీ పెన్షన్.

దీనికి డబ్బు ఎక్కడిది? ఎక్కడా దాచి లేదు. ఈ ఏడాది వసూలైన పన్నుల్లోంచే ఈ ఏడాది పెన్షన్లు ఇస్తారు. ఈ పద్ధతికి బలం అదే, బలహీనతా అదే. ప్రభుత్వం ఉన్నంతకాలం పెన్షన్ ఉంటుంది. ప్రభుత్వం చేతిలో డబ్బాడకపోతే పెన్షన్‌కీ ఆడదు.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: పెన్షన్ ప్రభుత్వం దయతలిచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు రావాల్సిన హక్కు. పెన్షనర్లు ఏటా డిసెంబరు 17ను తమ దినంగా జరుపుకునేది అందుకే. ఆ తీర్పును నేను ఇంకాస్త ఇంటి భాషలో అర్థం చేసుకుంటాను. పెన్షన్ అంటే ఆలస్యంగా ఇచ్చే జీతం. ‘ఇప్పుడు తక్కువ తీసుకో, వయసు మళ్లాక నిన్ను చూసుకుంటాం’ అన్న ఒప్పందంలో రెండో సగం. 398 రూపాయలకు నాన్న ఊరూరూ తిరిగింది ఆ రెండో సగం మీద నమ్మకంతోనే.

2004 సెప్టెంబరు 1

కేంద్రం 2004 జనవరి 1 నుంచి తన కొత్త ఉద్యోగులకు పాత పెన్షన్ ఆపేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఆ దారి పట్టింది. రాష్ట్రాలు చేరి తీరాలన్న నిర్బంధం లేదు. పశ్చిమ బెంగాల్ చేరనేలేదు, ఇప్పటికీ పాత పెన్షనే ఇస్తోంది. మన దగ్గర ఆ రోజు తర్వాత చేరినవాళ్లంతా కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీంలోకి, అంటే సీపీఎస్‌లోకి వెళ్లారు. రెండు రాష్ట్రాల్లోనూ సీపీఎస్ ఉద్యోగులు ఏటా సెప్టెంబరు 1ని ‘పెన్షన్ విద్రోహ దినం’గా పాటిస్తారు. విద్రోహం అన్న మాట బయటివాళ్లకు పెద్దదిగా అనిపించవచ్చు. డీఎస్సీ-2003 వాళ్ల సంగతి తెలిస్తే అలా అనిపించదు.

ఆ నోటిఫికేషన్ వచ్చింది 2003లో. అప్పటికి మన రాష్ట్రంలో ఉన్నది పాత పెన్షనే. పరీక్షలు, కోర్టు కేసులు, ఎన్నికలు దాటుకుని పోస్టింగ్ చేతికొచ్చేసరికి 2005 నవంబరు. మధ్యలో గీత గీసేశారు. ఆలస్యం చేసింది ప్రభుత్వం, గీత గీసింది ప్రభుత్వం, గీతకు అవతల పడింది మాత్రం టీచర్లు. ఇలాంటివాళ్ల కోసమే కేంద్రం 2023 మార్చిలో ఒక మెమో ఇచ్చింది. కొత్త పథకం నోటిఫై అయిన 2003 డిసెంబరు 22కి ముందే ప్రకటించిన పోస్టుల్లో ఆ తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పెన్షన్ ఎంచుకునే అవకాశం ఇచ్చింది. అదే న్యాయం మాకూ చేయండని డీఎస్సీ-2003 టీచర్లు అప్పటినుంచీ తిరుగుతున్నారు. బాబాయి ఫైలులో ఆ మెమో జిరాక్సులు నాలుగున్నాయి, ఒక్కో అర్జీకి ఒకటి.

సీపీఎస్‌లో ఉద్యోగి బేసిక్, డీఏ (కరువు భృతి) కలిపిన దాంట్లో 10 శాతం కోస్తారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. ఆ డబ్బు ప్రాన్ ఖాతాలోకి, అక్కణ్ణుంచి ఫండ్ల ద్వారా మార్కెట్లోకి వెళ్తుంది. రిటైరైనప్పుడు 60 శాతం దాకా చేతికిస్తారు. కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. ఆ యాన్యుటీ మీద నెలనెలా వచ్చేదే పెన్షన్. దానికి కరువు భృతి ఉండదు, పీఆర్సీ ఉండదు. మొదటి నెల ఎంతో ఇరవయ్యేళ్ల తర్వాతా అంతే. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ల కుటుంబాలకు మొదట్లో పరిస్థితి మరీ ఘోరంగా ఉండేది. ఎన్నో చావుల తర్వాత, ఎన్నో ధర్నాల తర్వాత ఏపీలో 2017లో, తెలంగాణలో 2021లో ఫ్యామిలీ పెన్షన్ ఊరట వచ్చింది.

ఒక లెక్క వేద్దాం

అంకెలు లేకుండా ఈ సంగతి తలకెక్కదు. ఊహకే ఒక ఎస్జీటీని తీసుకుందాం. 20 ఏళ్ల సర్వీసు, దిగేనాటి బేసిక్ 80 వేలు, ప్రాన్ ఖాతాలో 30 లక్షలు.

పాత పద్ధతి అయితే 80 వేలలో సగం 40 వేలు. కానీ 33 ఏళ్లకు బదులు 20 ఏళ్లే కాబట్టి సుమారు 24 వేలు. వెయిటేజీ, అంటే అదనంగా లెక్కగట్టే కొన్నేళ్ల సర్వీసు, కలిస్తే ఇంకొంచెం. దాని మీద కరువు భృతి, అది ఏటా పెరుగుతుంది. సీపీఎస్ అయితే 30 లక్షల్లో 12 లక్షలు యాన్యుటీకి పోతాయి. ఆరున్నర శాతం చొప్పున ఏడాదికి 78 వేలు, నెలకు 6,500. మిగతా 18 లక్షలు చేతికొస్తాయి. ఇంట్లో పెళ్లీ, అప్పూ ఏమీ లేక మొత్తం బ్యాంకులో వేసి అదే వడ్డీ తెచ్చుకున్నారనుకున్నా నెలకు మరో 9,750. రెండూ కలిపి 16,250. అసలు మిగిలే ఉంటుంది కదా అంటారు కొందరు. నిజమే, మిగులుతుంది. కానీ పదేళ్లలో పాత పెన్షన్ కరువు భృతితో ఎక్కడికో వెళ్తుంది. ఇది అక్కడే ఉంటుంది. మందుల చీటీ మాత్రం ఏటా పొడుగవుతూనే ఉంటుంది.

ఈ లెక్కలో చాలామంది గమనించని కిటుకు ఒకటుంది. మన దగ్గర జీతం సర్వీసు చివర్లో పెరుగుతుంది. 2005లో చేరినప్పుడు బాబాయి జీతం వేలల్లోనే, దానిమీద కోత వందల్లోనే. పీఆర్సీల మీద పీఆర్సీలు వచ్చి జీతం ఎదిగేసరికి పదిహేనేళ్లు గడిచాయి. ఏపీలో 2022 స్కేళ్ల ప్రకారం ఎస్జీటీ మొదటి మెట్టే 32,670. పాత పెన్షన్ చివరి జీతాన్ని చూస్తుంది కాబట్టి ఆ ఎదుగుదల మొత్తం పెన్షన్‌లోకి వస్తుంది. సీపీఎస్‌లో పెద్ద మొత్తాలు పడేది చివరి పదేళ్లలోనే. ఆ డబ్బు పండడానికి అప్పటికి కాలం మిగలదు. ముప్పై అయిదేళ్లు పనిచేసేవాడికి ఈ నష్టం కొంత తగ్గుతుంది. లేటుగా చేరినవాడికి కోలుకోలేనిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బడి దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఖజానా గోడు కూడా అబద్ధం కాదు

పాత పెన్షన్ తెచ్చేస్తే అయిపోతుంది కదా అని నాన్న సులువుగా అనేస్తారు. నేను అంత సులువుగా అనలేను.

సీపీఎస్ పెట్టగానే ప్రభుత్వానికి ఖర్చు తగ్గలేదు, పెరిగింది. పాతవాళ్లకు పెన్షన్లు ఇస్తూనే కొత్తవాళ్ల ఖాతాల్లో 10 శాతం వేయాలి. రెండు బిల్లులు ఒకేసారి. ఈ రెండో బిల్లును వాయిదా వేయాలన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది. ఉద్యోగి నుంచి కోసిన వాటా, ప్రభుత్వ వాటా ఖాతాకు చేరడంలో జాప్యాన్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపిన సందర్భాలున్నాయి. అలా ఆలస్యమైన ప్రతి నెలా ఆ టీచరు ముసలితనంలోంచి తీసిన అప్పే.

ఇక పాత పెన్షన్‌కి తిరిగి వెళ్తే ఈరోజు ప్రభుత్వానికి మిగులు. ఆ 10 శాతం కట్టక్కర్లేదు కదా. అసలు బిల్లు వచ్చేది 2035 నుంచి 2045 మధ్య, 2005 తర్వాత చేరినవాళ్లు బ్యాచులు బ్యాచులుగా దిగేటప్పుడు. అందుకే ఇది రాజకీయంగా అంత తీపి హామీ. వాగ్దానం చేసేది ఈ ముఖ్యమంత్రి, చెల్లించాల్సింది రాబోయే నలుగురైదుగురిలో ఎవరో. పన్ను కట్టేది ఇప్పుడు బాబాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని అక్షరాలు దిద్దుతున్న పిల్లలు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ 2022లో, హిమాచల్ 2023లో వెనక్కి మళ్లాయి. ఖాతాల్లో ఉన్న డబ్బు రాష్ట్రాలకు తిరిగిచ్చేది లేదని కేంద్రం చెప్పింది. ఇలా వెనక్కి మళ్లడం రాబోయే తరాల మీద భారమని రిజర్వు బ్యాంకు హెచ్చరించింది.

మన దగ్గర కథ ఇంకో తీరు. ఏపీలో 2019 ఎన్నికల ముందు సీపీఎస్‌ను వారంలో రద్దు చేస్తామన్న హామీ వినపడింది. గెలిచాక, సాంకేతిక అంశాలు తెలియక ఇచ్చిన హామీ అని ప్రభుత్వం వైపునుంచే మాట వచ్చింది. చివరికి 2023 సెప్టెంబరులో గ్యారంటీడ్ పెన్షన్ సిస్టం చట్టం, అంటే జీపీఎస్, శాసనసభలో పాసయింది. చివరి బేసిక్‌లో 50 శాతానికి హామీ, దానిపై కరువు భృతి. యాన్యుటీతో వచ్చేది తగ్గితే ఆ తేడా ప్రభుత్వం భరిస్తుంది. ఉద్యోగ సంఘాలు ఒప్పుకోలేదు. ప్రభుత్వం మారాక 2024లో దాని గెజిట్ బయటికొచ్చి గగ్గోలు పుట్టి, అమలు ఆగింది. తెలంగాణలో 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ పాత పెన్షన్ తెస్తామని మేనిఫెస్టోలో రాసింది. అక్కడి సీపీఎస్ టీచర్లు ఇంకా ఆ పేజీ చూపిస్తూనే ఉన్నారు. కేంద్రమేమో 2025 ఏప్రిల్ 1 నుంచి తన ఉద్యోగులకు యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) తెచ్చింది. 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, పదేళ్లుంటే కనీసం 10 వేలు. ఉద్యోగి వాటా 10 శాతమే, ప్రభుత్వ వాటా 18.5 శాతం.

సంఘాల్లో ఉన్న నా మిత్రులకు నచ్చకపోయినా నా మాట చెబుతాను. ‘డబ్బు ముందే పక్కన పెట్టు, చివరి జీతంలో సగానికి తగ్గకుండా హామీ ఇవ్వు, కరువు భృతి కలుపు’ అన్న పద్ధతి తప్పు కాదు. జీపీఎస్ ఓడిపోయింది అందులోని లెక్క వల్ల కంటే నమ్మకం లేక. వారంలో రద్దు అన్నవాళ్లు నాలుగేళ్లకు ఇంకోటి తెచ్చి ఇదే మంచిదంటే ఎవరు నమ్ముతారు? పాత పెన్షన్ అయినా ఖజానా మీద నమ్మకంతోనే నడవాలి. తెలంగాణలో 2024 మార్చి తర్వాత దిగినవాళ్లను చూడండి. పాత పెన్షన్ హక్కున్న టీచర్లే, గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బుల కోసం నెలల తరబడి తిరిగారు, కొందరు కోర్టుకెక్కారు. హక్కు కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా ట్రెజరీలో బిల్లు కదలకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

రిటైర్మెంటు వయసు పెంచడం కూడా ఈ ముడిలోదే. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఏపీ 2022 జనవరి నుంచి 60 నుంచి 62కి పెంచాయి. అనుభవం వృథా కాకూడదన్నారు. ఆ రెండు మూడేళ్లు గ్రాట్యుటీలూ కమ్యూటేషన్లూ చెల్లించే పని వాయిదా పడిందన్నది కూడా నిజం. కుర్చీ ఖాళీ కాలేదు కాబట్టి కొత్త టీచరూ రాలేదు.

ఇప్పుడు బడిలోకి

బాబాయిది గత అక్టోబరు దాకా ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులు, 22 మంది పిల్లలు, ఒక్క టీచరు. పొద్దున ఒకటీ రెండు తరగతులకు బోర్డు ఒక పక్కన గుణింతాలు, ఇంకో పక్కన మూడు నాలుగు తరగతులకు తీసివేతలు. అయిదో తరగతి పిల్ల చిన్నవాళ్లకు చదివి వినిపించేది. మధ్యలో మధ్యాహ్న భోజనం ఫొటోలు, హాజరు యాప్, గుడ్ల లెక్క. మండల కేంద్రంలో మీటింగ్ ఉన్న రోజు పక్క ఊరి నుంచి సర్దుబాటు మీద ఎవరైనా వస్తే బడి, లేకపోతే పిల్లలకు సెలవు. ఆయనకు జ్వరమొస్తే ఊరికి బడే ఉండేది కాదు.

ఇది ఒక్క బాబాయి కథ కాదు. 2024-25 యూడైస్ (కేంద్రం ఏటా తీసే బళ్ల వివరాలు) లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బళ్లు 1,04,125. అందులో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. అదే లెక్కల్లో తెలంగాణలో ఒక్క పిల్లా లేని బళ్లు 2,245. ఈ రెండు అంకెలూ అక్కాచెల్లెళ్లు. ఒక్క టీచరున్న బడి నుంచి పిల్లల్ని తీసి ప్రైవేటు బస్సెక్కిస్తారు. పిల్లలు తగ్గారని ఇంకో టీచర్ని ఇవ్వరు. కొన్నేళ్లకు హాజరు పట్టీలో పేర్లే ఉండవు.

వేరే దేశాల్లో టీచర్లు నిలవడం లేదంటే ఉద్యోగం మానేస్తున్నారని అర్థం. మన దగ్గర గవర్నమెంటు టీచరు ఉద్యోగం మానడు. ఊరు మానుతాడు. బదిలీల్లో ఎనిమిదేళ్లు ఒకేచోట చేసిన టీచరు, అయిదేళ్లు చేసిన హెడ్మాస్టరు తప్పనిసరిగా కదలాలి. దూరపు ఊళ్లో చేసినవాళ్లకు ఎక్కువ పాయింట్లు, అద్దె భత్యం ఎక్కువుండే పట్నాల దగ్గర చేసినవాళ్లకు తక్కువ. ఆలోచన మంచిదే. కానీ పాయింట్లు కూడబెట్టుకునేది ఆ ఊరి నుంచి బయటపడటానికే. దూరపు ఊళ్లో ఉండిపోయినందుకు దక్కేది ఏమీ లేదు. అద్దె భత్యం తక్కువ, ఆస్పత్రి దూరం, పిల్లల చదువు దూరం. మారుమూల ఊరు మన విధానంలో శిక్షాస్థలంలా తయారైంది. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 సీనియారిటీ చూసి ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు పంచినప్పుడు, సొంత జిల్లా దాటి శాశ్వతంగా వెళ్లిపోవాల్సి వచ్చిన జూనియర్ టీచర్లు ఎందరో. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా. అలా వెళ్లినవాళ్ల మనసు ఆ బడిలో ఎంత ఉంటుంది?

ఏపీలో జీవో 117 ఇంకో దెబ్బ. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపారు. సబ్జెక్టు టీచర్లు చెబుతారన్నది ఉద్దేశం. ఊళ్లో మిగిలింది రెండు తరగతులు, ఒక్క టీచరు. 2025లో ఆ జీవో తీసేసి, బళ్లను మళ్లీ తొమ్మిది రకాలుగా విడదీసి, మోడల్ ప్రైమరీ బళ్లలో తరగతికొక టీచరు అన్నారు. ఆ మాట నిలబడితే మేలే. మూడేళ్లలో రెండుసార్లు బడి రూపం మారితే పిల్లవాడి తల్లి ఎవరిని నమ్మి ఇక్కడ చేర్పించాలి?

డబ్బు సంగతికొస్తే, 2025-26 ఏపీ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, అందులో పాఠశాల విద్యకు 31,805 కోట్లు. పదో వంతుకు కాస్త తక్కువ. తెలంగాణలో 3.05 లక్షల కోట్ల బడ్జెట్‌లో విద్య మొత్తానికీ కలిపి 23,108 కోట్లు, ఏడున్నర శాతం. ఆ విద్యాపద్దులో అధిక భాగం జీతాలే. అది తప్పు కాదు, బడి అంటే టీచరే కదా. కేంద్రం తన బడి పథకం సమగ్ర శిక్షా కింద 60 శాతం ఇస్తుంది, రాష్ట్రం 40 కలుపుతుంది. ఆడపిల్లల గురుకులాలైన కేజీబీవీల్లో, మండల వనరుల కేంద్రాల్లో ఏళ్ల తరబడి పనిచేసే కాంట్రాక్టువాళ్ల జీతాలు అందులోంచే. వాళ్లకు పాత పెన్షన్ గానీ సీపీఎస్ గానీ ఏదీ లేదు. 2024 డిసెంబరులో తెలంగాణలో వాళ్లు సమ్మెకు దిగింది ఇందుకే, మమ్మల్నీ రెగ్యులర్ చేయండని.

బడికి విడిగా అందేది ఎంతో తెలుసా? సమగ్ర శిక్షా కాంపొజిట్ గ్రాంటు 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, బాత్రూం శుభ్రం, అన్నీ అందులోనే. ఏపీలో 2025 జూన్‌లో తల్లికి వందనం కింద 67 లక్షలమందికి పైగా పిల్లల పేరిట 15 వేల చొప్పున లెక్కగట్టి, 13 వేలు తల్లుల ఖాతాల్లో వేసి, 2 వేలు బళ్ల నిర్వహణకు పట్టారు. తల్లికి అందిన డబ్బు వృథా అని నేనెప్పుడూ అనను, ఆ డబ్బుతో యూనిఫాం కుట్టించిన ఇళ్లు నాకు తెలుసు. కానీ ప్రైవేటు బడి పిల్లకీ సర్కారు బడి పిల్లకీ ఒకేలా ఇచ్చే ఆ డబ్బు రెండో టీచర్ని తేదు.

ముడి ఇక్కడ పడింది

లేటుగా చేరినవాడి నష్టం గురించి ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు. ఏపీలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు 2025లో, 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులతో. రెండు చోట్లా ఏడేళ్ల ఎదురుచూపు. అన్నాళ్లు ఆలస్యం చేసినందుకు వయోపరిమితి సడలిస్తారు. మెగా డీఎస్సీలో ఓసీలకే 44 ఏళ్లు. ఉద్యోగం రాకుండా పోలేదని అందరం సంతోషించాం. కానీ 44కి చేరి 62కి దిగితే సర్వీసు 18 ఏళ్లు. సీపీఎస్‌లో 20 ఏళ్ల సర్వీసుకే ఎంత పెన్షన్ వస్తుందో పైన చూశాం. కేంద్రం యూపీఎస్ లాంటిది ఇక్కడ పెట్టినా దాని పూర్తి హామీకి 25 ఏళ్లు కావాలి. పాత పెన్షన్ తెచ్చినా 33 ఏళ్ల లెక్కలో సగం పైచిలుకే.

అంటే ప్రభుత్వం డీఎస్సీ వేయని ప్రతి ఏడాదీ రెండుసార్లు వసూలవుతుంది. ఒకసారి ఇప్పుడు, ఏకోపాధ్యాయ బడిలో కూర్చున్న పిల్లల దగ్గర. ఇంకోసారి ఇరవయ్యేళ్ల తర్వాత, ఆ టీచరు పెన్షన్‌లో. దీనికి పరాకాష్ఠ 1998 డీఎస్సీ. అప్పుడు అర్హత సాధించి పోస్టింగ్ రానివాళ్లను ఏపీలో 2023లో మినిమం టైం స్కేలు (స్కేలులో మొదటి మెట్టు జీతం) మీద కాంట్రాక్టుగా తీసుకున్నారు. పాతికేళ్ల తర్వాత. కొందరు తలలు నెరిసి, కొందరు మనవల్ని ఎత్తుకుని బడి గడప తొక్కారు. వాళ్ల కళ్లల్లో ఆనందం ఎంత నిజమో, ఆ ఉద్యోగంలో పెన్షన్ లేకపోవడం అంత నిజం.

సర్వీసులో ఉన్నవాళ్లకీ కుదురు లేదు. 2025 సెప్టెంబరు 1న, సరిగ్గా సీపీఎస్ వాళ్లు నిరసన పాటించే రోజునే, సుప్రీంకోర్టు టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) మీద తీర్పిచ్చింది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదలాలి. అయిదేళ్ల లోపున్నవాళ్లు కొనసాగవచ్చు గానీ ప్రమోషన్‌కి టెట్ కావాలి. బాబాయి చేరినప్పుడు టెట్ అనేదే లేదు, అది 2010 తర్వాత వచ్చింది. ఇప్పుడాయన రాత్రి పిల్లల నోటు పుస్తకాలు దిద్దడం అయ్యాక శిశు వికాసం పుస్తకం తెరుస్తున్నారు. టీచరు చదవాలన్నది మంచి మాటే. కానీ పెన్షన్ మార్చినప్పుడు ‘కొత్తగా చేరేవాళ్లకు మాత్రమే’ అన్న మర్యాదైనా ఉంది, ఇక్కడ అదీ లేదు.

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఏటా డీఎస్సీ, ఆ ఏడాది ఎందరు దిగుతారో ఆ లెక్కన. సర్వీస్ రిజిస్టర్లన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, 2030లో ఎవరు దిగుతారో ఇప్పుడే చెప్పొచ్చు. ప్రతి నెలా జీతం బిల్లుతో పాటే పెన్షన్ వాటా జమ. మారుమూల ఊళ్లో ఉండిపోయేవాళ్లకు పాయింట్లు కాదు, భత్యం. ఇంకొకటి, ఏ పెన్షన్ పద్ధతికి 2045 దాకా ఏటా ఎంత అవుతుందో ఆ లెక్కను బడ్జెట్ పుస్తకాలతో పాటు శాసనసభ ముందు పెట్టడం. ఆ లెక్క చూశాకే పాతదో, జీపీఎస్సో, ఇంకోటో తేల్చుకోవచ్చు. చూడకుండా ఇచ్చే హామీని ఇంక ఏ పార్టీ నుంచీ వినాలని లేదు.

గత అక్టోబరులో బాబాయి బడికి మెగా డీఎస్సీ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. వయసు 41. అంతకుముందు పద్నాలుగేళ్లు ప్రైవేటు బళ్లో చేసింది, పీఎఫ్ లేదు. చేరిన వారానికి ప్రాన్ ఫారం ఎలా నింపాలో తెలియక బాబాయినే అడిగింది. ఇద్దరూ వరండాలో బల్ల వేసుకుని నింపారు. నామినీ గడిలో కూతురి పేరు రాసింది. “రిటైరయ్యాక నెలకెంతొస్తుంది సార్?” అని అడిగితే బాబాయి చాక్‌పీసు తీసుకుని 62 లోంచి 41 తీసేశారు, దాని కింద ఇంకేమీ రాయలేకపోయారు. మర్నాటి నుంచి ఒకటీ రెండు తరగతులు ఆమె, మూడు నాలుగు అయిదు ఆయన చూస్తున్నారు.